పన్నెండు జనవరి ఒకట్లు

జూన్ తొమ్మిది, మంగళవారం, ఉదయం తొమ్మిది ఇరవైకి ఉబా ఇల్మీ ఫోన్‌కి పన్నెండు మెసేజీలు వచ్చాయి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య నలభై సెకన్లు. పన్నెండింటిలోనూ ఒకటే మాట: మీ దరఖాస్తు నిలిపివేయడమైనది, మీరు మీరేనని పది రోజుల్లో రుజువు చేసుకోవలెను, లేనిచో మోసముగా పరిగణించబడును. తేడా అడుగున ఉన్న నంబరు ఒక్కటే. దరఖాస్తుకో నంబరు.

అప్పుడామె కారులో ఉంది. మార్చి పదిహేడు తర్వాత ఆ కారు ఎవరినీ ఎక్కించుకోలేదు. అయినా రోజూ పొద్దున్నే అపార్ట్‌మెంటు వెనక పది నిమిషాలు ఇంజను నడిపేది, బ్యాటరీ చచ్చిపోకుండా. ఆ పది నిమిషాల్లోనూ చెయ్యి ఊరుకోదు. వెనక సీటు బెల్టులు చివరిదాకా బయటికి లాగి, బ్లీచి నీళ్లలో ముంచిన గుడ్డతో పై నుంచి కిందికి తుడిచేది, తిప్పి రెండోవైపు తుడిచేది. కూర్చునేవాళ్లే లేరు, ఎవరికోసమే ఈ తుడుపు అని తల్లి అడిగితే, "రేపు కూర్చుంటే?" అనేది.

మెసేజీలు మళ్లీ చదివింది. ఆ నంబర్ల చివరి నాలుగంకెలు ఆమెకు నోటికొచ్చు. ఒకటి తనది. ఒకటి అవాలేది. ఒకటి బీహీది. మిగతా తొమ్మిదీ కూడా విమానాశ్రయం వెనక నిరీక్షణ స్థలంలో పదేళ్లుగా ఆమెతోపాటు వరుసలో నిలబడ్డ డ్రైవర్లవి. వాళ్లెవరికీ యజమాని లేడు. ఫోన్లో పిలుపు వస్తే పని, రాకపోతే లేదు. అలాంటివాళ్లకు నిరుద్యోగ భృతి అన్న మాటే ఎప్పుడూ లేదు. మహమ్మారి వచ్చాక, ఈ ఒక్కసారికి వాళ్లకీ ఇస్తామని ప్రభుత్వం చట్టం చేసింది. ఐదు వారాల కింద దరఖాస్తులు పెట్టారు. ఐదు వారాలూ తెరమీద "పరిశీలనలో ఉన్నది" అనే ఉంది. ఈ పొద్దున అది మారింది.

ఆమె గుడ్డ పిండి బకెట్టు అంచున ఆరేసింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ కాగితం ఒకటి బోర్లించి ఉంది. దాన్ని తిప్పి చూడలేదు. అందులో ఏముందో తెలుసు. రెండు వాయిదాలు కట్టలేదు గనక, పదిహేనో తారీకు సోమవారం ఉదయం ఎనిమిదికి బండి స్వాధీనం చేసుకుంటామని ఉంది. అద్దె ఇళ్లు ఖాళీ చేయించకూడదని ఆర్డరు వచ్చింది. కార్ల సంగతి ఆ ఆర్డర్లో లేదు. కారు పోతే, రేపు విమానాలు ఎగిరినా ఆమెకు పని లేదు.

పదకొండింటికి బజారు పార్కింగ్ స్థలానికి రమ్మని అందరికీ కబురు పెట్టింది.

సోమాలీ బజారు మూసి రెండున్నర నెలలైంది. అద్దాలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. పార్కింగ్ స్థలం మాత్రం ఎవరూ మూయలేదు. పదకొండుమందీ వచ్చారు. కార్లు వదిలి ఎవరి గీతల మధ్య వాళ్లు నిలబడ్డారు, మనిషికో గడి. మూతికి గుడ్డలు. టీ ఎవరి ఫ్లాస్కులో వాళ్లదే.

"అబాయో, డబ్బు పడిందా?" నలభై ఏళ్ల బీహీ తన గడిలోంచే అరిచాడు, అక్కా అన్నట్టు. వాన వచ్చినా ఎండ వచ్చినా ముందు నోరు చేసుకునేది అతనే.

"పడలేదు. ఆగింది."

"ఎవరిది?"

"అందరిదీ."

ఉబా కారు దిగి, తలుపుకు ఆనుకుని, మెసేజీని మెల్లగా వాళ్ల భాషలో చదివింది. మోసం అన్న మాట దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మొదటిసారి ఎవరూ నమ్మలేదు.

"దొంగలమా?" బీహీ నవ్వాడు. "దొంగతనానికి వెళ్లేవాడు తన పేరు, అయ్య పేరు, తాత పేరు, ఇంటి నంబరు, లైసెన్సు ఫొటో ఇచ్చి వెళతాడా? అంత తెలివితక్కువ దొంగల్ని పట్టుకున్నందుకు వాళ్లకు బహుమానం ఇవ్వాలి."

"ఎందుకు ఆపారో రాశారా?" ఒకావిడ అడిగింది.

"రెండు కారణాలు. పన్నెండు దరఖాస్తులకూ ఒకటే ఫోన్ నంబరు. పన్నెండింటిలోనూ పుట్టినరోజు ఒకటే."

ఫోన్ నంబరు సంగతి వినగానే అందరూ నేల చూశారు. మే మూడో తారీకున ఇదే స్థలంలో, ఇవే గడుల్లో నిలబడి ఆ దరఖాస్తులు పెట్టించుకున్నారు. ఇంగ్లీషు ఫారం గబగబా నింపగలిగింది ఉబా ఒక్కతే. ఆమె కారులో కూర్చుని ఫోన్లో కొడుతుంటే, వాళ్లు ఒక్కొక్కరే ప్రభుత్వమిచ్చిన తమ రహస్య గుర్తింపు సంఖ్యలు ఆరడుగుల దూరం నుంచి గొంతెత్తి చెప్పారు. ఊరంతా విన్నా విననీ అని బీహీ తన సంఖ్యను పాటలా పాడాడు. ప్రతి దరఖాస్తుకూ ఒక కోడు ఫోన్‌కి వస్తుంది. రెండు నిమిషాల్లో అది ఎక్కించాలి. ఒకరి ఫోన్ ఒకరు తాకడానికి ఆ రోజుల్లో ఎవరికి ధైర్యం? అందుకని ఉబా అన్నిటికీ తన నంబరే ఇచ్చింది. మెసేజి తనకొస్తే తనే చదివి చెబుతుంది గదా అనుకుంది. ఉత్తరం రాసిపెట్టే మనిషి దగ్గరికే జవాబు కూడా రావడం వాళ్లలో కొత్త కాదు.

పుట్టినరోజు సంగతికి మాత్రం అందరూ నవ్వారు.

"నాదీ జనవరి ఒకటే!" అన్నాడొకతను.

"నాది నీకన్నా పద్నాలుగేళ్లు ముందు జనవరి ఒకటి. పెద్దవాణ్ణి, దణ్ణం పెట్టు," అన్నాడు ఇంకొకతను.

నవ్వనిది అవాలే ఒక్కడే. అందరిలోకీ పెద్దవాడు. అంతా అదేర్ అంటారు, బాబాయ్ అన్నట్టు. వెనక మాత్రం "ఒక్క నిమిషం" అంటారు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు మూడే మాటలు: ఏ టెర్మినల్, థాంక్యూ, ఒక్క నిమిషం. ఆ మూడింటితో పద్దెనిమిదేళ్లు కారు నడిపాడు. ఆయన ఉబా కారు ముందద్దం దగ్గరికి నడిచి, మూతిగుడ్డ సరిచేసుకుని, లోపల బోర్లించి ఉన్న పసుపుపచ్చ కాగితాన్ని చూశాడు. చదవలేడు. ఆ రంగు ఏమిటో ఆయనకు తెలుసు. నిరుడు ఆయన అల్లుడి కారు మీదా అదే రంగు కాగితం అంటించారు.

తన గడికి తిరిగి వెళ్లాడు.

బుధవారం ఉదయం ఏడింటి నుంచి ఉబా భృతి ఆఫీసుకు ఫోన్ చేస్తూనే ఉంది. కారులో సిగ్నల్ బాగుంటుంది గనక కారులోనే కూర్చుంది. నంబరు నొక్కడం, రద్దీగా ఉందన్న గొంతు వినడం, ఎర్ర గుర్తు నొక్కడం, మళ్లీ నంబరు. బొటనవేలు నొప్పిపుడితే చెయ్యి మార్చేది. మధ్యాహ్నానికి ఫోన్లో లెక్క నూట తొంభై ఆరు చూపించింది. మూడున్నరకు ఒకసారి, లైనులో ఆగమన్నట్టు, వయొలిన్ల సంగీతం వినపడింది. నలభై నిమిషాలు విన్నాక అది కూడా తెగిపోయింది.

తల్లి దహబో పైనుంచి ఒక పళ్లెంలో పొద్దుటి అట్లు రెండు, నువ్వుల నూనె చుక్కలు వేసి తెచ్చి, కారు కిటికీలోంచి అందించింది. "ఎవరన్నా పలికారా?"

"సంగీతం పలికింది హోయో."

"సంగీతానికి చెప్పకపోయావా?" అంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

గురువారం పది పదికి మనిషి పలికాడు. పేరు లిండెల్ అన్నాడు. వెనక కుక్క మొరుగుతోంది.

"మిసెస్ రోబ్లే?"

రోబ్లే ఆమె తాత పేరు. పదహారేళ్లుగా ఈ దేశంలో ఆఫీసులన్నీ ఆమెను తాత పేరుతోనే పిలుస్తున్నాయి. "అవునండీ," అంది.

అతను నంబర్లు అడిగాడు, చెప్పింది. చిరునామా అడిగాడు, చెప్పింది. తర్వాత కీబోర్డు చప్పుడు చాలాసేపు వినపడింది.

"మేడమ్, మీ నంబరు మీద ఇంకో పదకొండు దరఖాస్తులున్నాయి. మీకు తెలుసా?"

ఉబా జవాబు చెప్పేలోగా అతనే అందుకున్నాడు. "ఒక్క క్షణం. మీరేమీ చెప్పకముందు నేనొకటి చెబుతాను, వినండి. నా ముందు తెరమీద రెండు గడులున్నాయి. దరఖాస్తుదారుకు మిగతావాటితో సంబంధం లేదు, అని ఒకటి. ఉంది, అని ఇంకొకటి. లేదు అన్నారనుకోండి, మీ నంబరును ఎవరో దుర్వినియోగం చేశారని రాస్తాను. మీది రెండు రోజుల్లో విడుదలవుతుంది."

"మిగతా పదకొండు?"

"నేర పరిశోధన విభాగానికి వెళతాయి."

"ఉంది అంటే?"

"అంటే పన్నెండూ నా బల్ల మీదే ఉంటాయి. అప్పుడేమవుతుందో నాకు తెలియదు మేడమ్. నేను ఆఫీసు మనిషిని కాను. కాంట్రాక్టు కంపెనీ మనిషిని. ఇంట్లోంచే చేస్తున్నాను. కాల్‌కి ఇంతని ఇస్తారు." కుక్కను కసిరాడు. "నన్నడిగితే, నేనైతే మొదటి గడి నొక్కుతాను."

"మీకు ఎప్పటిలోగా చెప్పాలి?"

"రేపు ఒంటిగంటకూ రెండింటికీ మధ్య నేనే చేస్తాను. ఎత్తకపోతే దానంతటదే మూసుకుపోతుంది. మర్చిపోకండి."

ఫోన్ పెట్టాక ఉబా కొంతసేపు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది, బండి నడుపుతున్నట్టు. తర్వాత బకెట్టు తీసుకుని బెల్టులు తుడిచింది. పొద్దున ఒకసారి తుడిచినవే.

సాయంత్రం ఆరింటికి అవాలే వచ్చాడు. పైకి రాలేదు. కింద కారు దగ్గరే నిలబడి, దిగి రమ్మని చేత్తో సైగ చేశాడు. ఆమె చెప్పిందంతా విని, జపమాల వేలి మీంచి వేలి మీదికి జరుపుకున్నాడు.

"తెలియదని చెప్పెయ్," అన్నాడు.

"ఎవర్ని?"

"మమ్మల్ని. ఈ అవాలే ఎవడో నాకు తెలియదను. మొహం కూడా చూడలేదను."

"అదేర్!"

"అరవకు. నీ కారు సోమవారం తీసుకుపోతారు. కాగితం చూశాను. నా కారు అప్పు తీరిపోయింది. అది డొక్కు, దాన్నెవడూ ఎత్తుకుపోడు. మా పదకొండుమందికీ ఎవడో ఒకడు ఏదో ఒక రోజు ఏదో ఒకటి ఇస్తాడు. ఇవ్వకపోతే మానె. మాకు అలవాటే."

"ఇంతకుముందు మోసగాడన్న పేరు ఎప్పుడన్నా పడిందా నీ మీద?"

అవాలే జపమాల ఆపాడు.

"మీ అందరికీ డబ్బు కావాలి, నాకు తెలుసు," అంది ఉబా. "నాకూ కావాలి. కానీ నేర పరిశోధన అంటే డబ్బు ఆగడంతో పోదు. నీ పౌరసత్వం కాగితం ఇంకా ప్రభుత్వం దగ్గరే ఉంది. నీకు ఆ మాట అంటుకుంటే ఆ కాగితం బయటికి రాదు. నువ్వు అలవాటే అంటావు. ఇది అలవాటైన సంగతి కాదు."

"ఒక్క నిమిషం," అన్నాడాయన ఇంగ్లీషులో. తన డొక్కు కారెక్కి వెళ్లిపోయాడు.

రాత్రి భోజనాల ముందు దహబో పొయ్యి దగ్గర ఉంది. ఉబా తలుపు గడప మీద కూర్చుంది.

"హోయో, శరణార్థుల కేంపులో నా పుట్టినరోజు ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. గుమాస్తా అడిగాడు. ఎర్ర ఒంటె ఈనిన మర్నాడు, పెద్దవానల్లో రెండో వాన పడ్డ పొద్దున అన్నాను. ఏ ఏడు అన్నాడు. పొడుగుతోక కరువు పోయిన నాలుగో ఏడు అన్నాను. అంతకంటే సరిగ్గా ఏ తల్లి చెబుతుంది? వాడు నవ్వాడు. పక్కనున్నవాడూ నవ్వాడు. ఒక ముద్ర తీసి కొట్టాడు. నీకొకటి, నీ తమ్ముడికొకటి, నా వెనకున్న ఆవిడకొకటి. మధ్యాహ్నం దాకా అదే ముద్ర. ఇంకు అయిపోతే పోయించుకుని మరీ కొట్టాడు."

అట్టు తిరగేసింది.

"ఆ రోజు వాడు తనకు తెలియనిది తెలిసినట్టు రాశాడు. రేపు నువ్వు తెలిసినవాళ్లను తెలియదని రాయిస్తావేమో చూస్తాను," అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

శుక్రవారం మసీదు మూసే ఉంది. నమాజు బజారు పార్కింగ్ స్థలంలోనే. ఎవరి చాప వాళ్లు తెచ్చుకుని, తెల్ల గీతల మధ్య గడికొకటి పరిచారు. ఆడవాళ్లు చివరి రెండు వరుసలు. ఒంటిగంట పదిహేనుకు మొదలై ఒకటీ ముప్పై రెండుకు అయిపోయింది. పదకొండుమందీ చాపలు చుట్టకుండా అక్కడే నిలబడ్డారు. ఉబా రమ్మనలేదు. అవాలే చెప్పి ఉంటాడు.

ఒకటీ నలభైకి ఫోన్ మోగింది. ఉబా దాన్ని కారు కిటికీ అంచుకున్న పట్టులో బిగించి, స్పీకరు నొక్కింది.

"మిసెస్ రోబ్లే? ఏమనుకున్నారు?"

"ఆ దరఖాస్తులు నేనే పెట్టాను. పదకొండూ. వాళ్లు నాకు తెలుసు. ఇక్కడే ఉన్నారు."

కుక్క మొరగలేదు. కీబోర్డు కూడా చప్పుడు చేయలేదు.

"ఇక్కడే అంటే?"

"నా కారు చుట్టూ. అడగండి."

"అలా అడగొచ్చో లేదో..." ఆగాడు. "సరే. మొదటి పేరు, అవాలే నూర్ గేడీ. పుట్టిన తేదీ?"

ఉబా ప్రశ్నను తిప్పి చెప్పింది. అవాలే ఒకడుగు ముందుకు వచ్చి ఫోన్ వైపు వంగాడు. "జనవరి ఒకటి, పంతొమ్మిదొందల యాభై ఎనిమిది."

"బీహీ ఒస్మాన్ షీరే?"

"జనవరి ఒకటి, ఎనభై."

"సూబాన్ యాసిన్?"

"జనవరి ఒకటి, అరవై తొమ్మిది."

నాలుగోవాడు చెప్పాడు. ఐదో ఆవిడ చెప్పింది. ఆరోవాడు నోరు తెరవకముందే లిండెల్ గొంతు మారింది.

"మేడమ్, ఇది వేళాకోళమా? వీళ్లకు మీరు నేర్పించి పెట్టారా?"

బీహీ ఏదో అనబోయాడు. ఉబా చెయ్యెత్తి ఆపింది. ఫోన్‌కి దగ్గరగా వచ్చి, మూతిగుడ్డ కిందికి లాగింది.

"నా పుట్టినరోజు చూడండి సార్. అదీ జనవరి ఒకటే. కేంపులో ఒక బల్ల ఉండేది. దాని వెనక గుమాస్తా ఉండేవాడు. తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి ఒకటని ముద్ర కొట్టాడు. పొద్దున్నించి అదే కొట్టాడు. ఆ కాగితం చూసి మీరు మమ్మల్ని విమానం ఎక్కించారు. ఆ కాగితం చూసి లైసెన్సు ఇచ్చారు. ఆ కాగితం మీదే పదహారేళ్లు నా దగ్గర పన్ను కట్టించుకున్నారు. కట్టించుకున్నన్నాళ్లూ ఒక్క జనవరి ఒకటి కూడా మీకు అనుమానంగా కనపడలేదు. ఇవ్వాల్సిన రోజు వచ్చేసరికి పన్నెండూ ఒక్కసారే కనపడ్డాయా?"

లైను ఉందో తెగిందో అని బీహీ తెరమీద అంకెలు చూశాడు. కదులుతున్నాయి.

"దీనికి నా దగ్గర గడి లేదు మేడమ్," అన్నాడు చివరికి. "కింద వ్యాఖ్య అని ఒక చోటుంది. రెండొందల అక్షరాలు పడతాయి. చెప్పండి, కొడతాను."

ఉబా ఒక్కొక్క మాటే చెప్పింది. పుట్టిన తేదీలు కేంపులో వేసినవి. పన్నెండుమందీ వేరువేరు మనుషులు. రోగభయంతో ఫోన్లు చేతులు మార్చలేదు. నంబరు నాది, దరఖాస్తులు వాళ్లవి. అతను కొడుతున్న చప్పుడు స్పీకర్లో వినిపించింది.

"ఇంకా పద్దెనిమిది అక్షరాలున్నాయి," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి అవాలేకు తిప్పి చెప్పింది. "ఏం రాయించమంటావ్ అదేర్?"

"ఒక్క నిమిషం." ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. "సలాం చెప్పానని రాయించు."

లిండెల్ అది కూడా కొట్టాడు. ఎలా రాయాలో అడిగి మరీ కొట్టాడు.

"రెండో గడి నొక్కుతున్నాను మేడమ్. నొక్కాక వెనక్కి తీయడం కుదరదు."

"నొక్కండి."

"సాయంత్రం ఐదులోగా ఎవరి ఫోన్ నుంచి వాళ్లు, ఎవరి గుర్తింపు కార్డు ఫొటో, మొహం ఫొటో వాళ్లు పంపాలి. వాళ్ల వేలే నొక్కాలి. మీరు కాదు."

ఆ మధ్యాహ్నమంతా ఉబా గడి గడికీ నడిచింది. ఆరడుగుల దూరంలో నిలబడి, ఏ గుర్తు నొక్కాలో గొంతెత్తి చెప్పింది. పచ్చది కాదు, దాని పక్కది. కిందికి తోయి, ఇంకా కిందికి. మొహం ఎండకు తిప్పు, నవ్వకు. సూబాన్ నాలుగుసార్లు తన బొటనవేలినే ఫొటో తీసింది. అవాలే కార్డును చాప మీద పెట్టి, దాని మీద తన నీడ పడకుండా చుట్టూ తిరిగాడు. ఆఖరి ఫొటో నాలుగూ యాభై రెండుకు వెళ్లింది.

శనివారం ఉదయం తొమ్మిది ఇరవైకి పదకొండుమంది ఫోన్లూ మోగాయి. తొమ్మిదిమంది చదవలేరు. చదవగలిగిన ఇద్దరు కూడా నమ్మలేదు. పదింటికల్లా అందరూ అపార్ట్‌మెంటు వెనకకు వచ్చి, ఫోన్లు చేతి పొడవునా ముందుకు చాపి నిలబడ్డారు. ఉబా ఒక్కొక్కటే దూరంనుంచి వంగి చదివింది. ఆమోదించడమైనది. ఆమోదించడమైనది. పదకొండుసార్లు అదే మాట. డబ్బు గురువారానికి ఖాతాల్లో పడుతుందని ఉంది.

"నీది చదువు," అన్నాడు బీహీ.

ఆమె చదివే ఉంది. తొమ్మిది ఇరవై ఒకటికి వచ్చింది. వాళ్లకోసం మళ్లీ చదివింది. మీరు మీ ఫోన్ నంబరును ఇతరుల దరఖాస్తులకు ఉపయోగించినట్లు అంగీకరించియున్నారు. కావున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. ఈ నంబరు శాశ్వతముగా తొలగించడమైనది. ఈ నంబరుకు ఇదే చివరి సందేశము.

బీహీ మూతిగుడ్డ పీకి నేలకు కొట్టాడు. "రాయించుకున్న మేం దొరలం, రాసిన చెయ్యి దొంగదా? ఆ లిండెల్‌కు ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతాను. అబాయో, చెయ్యి!"

చేసింది. ఆమె నంబరు చూడగానే రికార్డు గొంతు మధ్యలో ఆగి లైను తెగిపోయింది. బీహీ తన ఫోన్ నుంచి చేశాడు. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఎవరో ఆడమనిషి ఎత్తి, లిండెల్ కాంట్రాక్టు నిన్నటితో అయిపోయిందని చెప్పింది. అతను ఏ ఊళ్లో ఉంటాడో తమకూ తెలియదంది.

"అప్పీలు ఉంటుంది," అంది ఉబా. "ముప్పై రోజుల్లో పెట్టుకోవచ్చు. కానీ ఫోన్ నంబరు అడుగుతుంది. నాది తీసుకోదు."

ఎవరూ మాట్లాడకముందే అవాలే, నిన్న కార్డును చాప మీద పెట్టినట్టే, తన ఫోన్ నేల మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగాడు.

"నాది రాయి," అన్నాడు.

ఆదివారం ఆమె అప్పీలు నింపింది. అవాలే ఎదురుగా నిలబడి, కోడు వచ్చినప్పుడు తెర ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. వెళ్లేముందు, రేపు కారుకోసం ఎన్నింటికి వస్తారని అడిగాడు. ఎనిమిదికి అంది ఉబా.

సోమవారం ఏడూ పదికి ఆమె బకెట్టుతో కిందికి దిగేసరికి ఆమె కారు కనపడలేదు. దాని చుట్టూ పదకొండు కార్లున్నాయి. ముందు నాలుగు, వెనక నాలుగు, పక్కన మూడు, రెండో పక్క గోడ. విమానాశ్రయం వెనక స్థలంలో వరుస ఎలా కడతారో అలా కట్టారు, బంపరుకు బంపరు, మధ్యలో అరచెయ్యి దూరని సందు. డ్రైవర్లు బయట నిలబడి టీ తాగుతున్నారు.

"ఇదేంటి?" అంది.

"క్యూ," అన్నాడు బీహీ. "డబ్బు గురువారం పడుతుంది. అప్పుడు తలా కాస్త వేసి నీ రెండు వాయిదాలూ కడతాం. నువ్వు వద్దన్నా కడతాం. అప్పటిదాకా క్యూ కదలదు."

ఎనిమిది ఐదుకు కార్లు లాక్కెళ్లే టోయింగ్ బండి వచ్చింది. అందులోంచి దిగినవాడు కాగితం చూసుకుని, కార్ల మధ్య నంబరు ప్లేటు కోసం వంగి చూశాడు. కనపడింది. దారి కనపడలేదు.

"ఈ బళ్లు తీయండి."

"క్యూలో ఉన్నాం అన్నా," అన్నాడు బీహీ. "ముందు బండి కదిలితేనే వెనకది కదిలేది."

"ముందు బండి ఎవరిది?"

బీహీ గోడ వైపు చూపించాడు. అవాలే గోడ నీడలో చాప పరుచుకుని నమాజులో ఉన్నాడు. అది ఏ నమాజు వేళా కాదు. టోయింగ్‌వాడు దగ్గరికి వెళ్లి, రెండుసార్లు దగ్గాడు. అవాలే తల తిప్పకుండా ఒక వేలు ఎత్తాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు.

వాడు ఎనిమిదీ నలభై దాకా నిలబడ్డాడు. మధ్యలో ఎవరికో ఫోన్ చేశాడు. జనం ఉన్నచోట గొడవ పెట్టుకోకూడదని అవతలివాళ్లు చెప్పారని బీహీతో అన్నాడు. టీ ఇస్తే మొదట వద్దని, తర్వాత కాగితం గ్లాసులో తీసుకున్నాడు. వరుసను ఫొటో తీసుకుని, మళ్లీ గురువారం వస్తామని రాసిన పసుపుపచ్చ కాగితం అన్నిటికన్నా ముందున్న కారు అద్దానికి అంటించి వెళ్లాడు. అది అవాలే డొక్కు కారు.

తొమ్మిది ఇరవైకి అవాలే ఫోన్ మోగింది. ఆయన చాప చుట్టి చంకలో పెట్టుకుని, ఫోన్‌ను చేతి పొడవునా చాపి ఉబా దగ్గరికి నడిచాడు. ఆమె గుడ్డ బకెట్టు అంచున వేసి, వంగి చదివింది.

ఉబా ఇల్మీ రోబ్లే, పుట్టిన తేదీ జనవరి ఒకటి. మీ అప్పీలు అందినది. విచారణ ఆగస్టు ఇరవై ఏడు, ఉదయం పదిన్నర. ఈ నంబరుకు కాల్ వచ్చును.